చేత్తో బీ-రోల్ పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కెమెరా ముందు మనిషి మాట్లాడుతున్న వీడియోలో మధ్యమధ్య వేరే దృశ్యాలు చేర్చే పని చూడ్డానికి సులువుగానే ఉంటుంది. కూర్చున్నాకే దాని సంగతి తెలుస్తుంది. ఎడిటింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఈ పని గురించి నన్ను అడిగిన ప్రశ్నలు, నేను చెప్పిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. కొన్ని జవాబులు ఎవరైనా ఒప్పుకునేవి, కొన్ని నా పట్టుదలలు. ఏది ఏదో మీకే తెలిసిపోతుంది.

బీ-రోల్ అంటే ఏమిటి?

టీవీ న్యూస్ గదుల్లో 'బైట్', 'విజువల్స్' అనే మాటలు రోజంతా వినబడుతూ ఉంటాయి. మనిషి కెమెరాకి చెప్పేది బైట్. ఆ మాట నడుస్తుండగా తెర మీద కనిపించే మిగతా దృశ్యాలు విజువల్స్. ఎడిటింగ్ భాషలో మొదటిది ఏ-రోల్, రెండోది బీ-రోల్. వాచీలు బాగుచేసే పెద్దాయన తన పని గురించి చెబుతున్నాడనుకోండి. ఆయన ముఖం, గొంతు ఏ-రోల్. పట్టకారుతో ఎత్తుతున్న చిన్న చక్రం, కంటికి బిగించుకున్న భూతద్దం, బల్ల మీద విప్పి పెట్టిన మూతలు బీ-రోల్. ఈ పెద్దాయన మనకి చివరిదాకా పనికొస్తాడు.

'బీ' అంటే రెండో రకం అనా?

కాదు, అది ఫిలిం రోజుల మాట. 16 ఎం.ఎం. నెగెటివ్‌ని ప్రింటుకి సిద్ధం చేసేటప్పుడు షాట్లను రెండు రీళ్లకు పంచేవారు. ఒకటో షాట్ ఏ రీలులో, రెండోది బీ రీలులో, మూడోది మళ్లీ ఏ రీలులో. ఒకదాంట్లో షాట్ ఉన్నచోట రెండోదాంట్లో నల్ల ఫిలిం ఉండేది, చదరంగం గళ్లలాగా. అతుకులు ప్రింటులో కనబడకుండా ఉండటానికి, ఒక షాట్ కరిగి ఇంకోటి తేలడానికి ఆ ఏర్పాటు. వార్తలు ఫిలిం మీద తీసిన కాలంలో టీవీ స్టేషన్లు మాట్లాడే మనిషి రీలు ఒక ప్రొజెక్టర్‌లో, మిగతా దృశ్యాల రీలు ఇంకో ప్రొజెక్టర్‌లో పెట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతూ ప్రసారం చేసేవి. రీళ్లు పోయాయి, పేరు ఉండిపోయింది.

మాటలు విని తనే బీ-రోల్ పెట్టేసే టూల్స్ వచ్చాయి కదా. ఇంకా చేత్తో ఎందుకు?

ఆ టూల్స్ నేనూ వాడి చూశాను. మాటలను అక్షరాలుగా మార్చుకుని, అందులో పేర్లు ఏరుకుని, వాటికి సరిపడే స్టాక్ క్లిప్ (ఎవరో ముందే తీసి పెట్టింది) తెచ్చి పెడతాయి. 'సముద్రం' అంటే సముద్రం వస్తుంది. అంతవరకు బాగానే ఉంటుంది. మన భాషలో మనిషి నోరు తెరిస్తే వచ్చేవి పేర్లు మాత్రమేనా? "ఇక నావల్ల కాదని చేతులెత్తేశాను" అని పెద్దాయన అన్న చోట, మాటకి మాట అతికించే యంత్రం తెచ్చేది కచేరీలో చేతులు పైకెత్తి ఊగుతున్న జనాన్ని. "అడిగితే నీళ్లు నమిలాడు" అంటే గ్లాసెత్తి నీళ్లు తాగుతున్న కుర్రాడిని. "కాళ్లరిగేలా తిరిగాను" అంటే బీచ్‌లో చెప్పుల్లేకుండా నడుస్తున్న పాదాలని. రేపు ఈ టూల్స్ నుడికారం కూడా నేర్చుకోవచ్చు. అయినా ఇంకో సమస్య అలాగే ఉంటుంది: పెద్దాయన చెబుతున్న చక్రం ఈ బల్ల మీద ఉన్న చక్రం. స్టాక్ క్లిప్‌లోది ఎవరిదో.

చెప్పిన మాటనే బొమ్మగా చూపిస్తే ప్రేక్షకుడికి ఒకే విషయం రెండుసార్లు అందుతుంది. మాట చెప్పని సంగతి ఒకటి బొమ్మ చెప్పాలి. "యాభై ఏళ్లుగా ఇదే పని" అని ఆయన అంటున్నప్పుడు వాచీ చూపిస్తే అది అలంకారం. మోచేతులు ఆని ఆని నునుపెక్కిన బల్ల అంచు చూపిస్తే యాభై ఏళ్లు కనిపిస్తాయి. ఆ అంచు ఎక్కడుందో టూల్‌కి తెలీదు, ఫుటేజ్ మొత్తం కూర్చుని చూసినవాళ్లకే తెలుస్తుంది. చేత్తో పెట్టడం అని నేను అనేది నిజానికి ఆ చూడటాన్నే. మౌస్ ఎవరు కదిపినా ఒకటే.

ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది?

ముందు మాటల కట్ పూర్తి చేయండి. బీ-రోల్ జోలికి పోకుండా, మనిషి మాటలు మాత్రమే ఉన్న వెర్షన్ ఒకటి తయారవ్వాలి. అది వింటే విషయం అర్థమవ్వాలి. ఇది గట్టిపడకముందే విజువల్స్ పెట్టడం మొదలుపెడితే, ఒక వాక్యం తీసేసిన ప్రతిసారీ పైనున్నవన్నీ మళ్లీ సర్దుకోవాలి.

తర్వాత ఆ కట్‌ని ఒకసారి తెర చూడకుండా వినండి. "అదెలా ఉంటుందో?" అని మీకే అనిపించిన చోట మార్కర్, అంటే ఒక గుర్తు, పెట్టండి. ప్రీమియర్ ప్రో, డావిన్చీ రిజాల్వ్, ఫైనల్ కట్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మూడింట్లోనూ ఎమ్ కీ నొక్కితే చాలు. అలా పెట్టిన మార్కర్లే మీ జాబితా. రెండోసారి చూస్తూ వినండి. ఈసారి కళ్లు అలసిపోయిన చోట, మాట అతికిన చోట, ఒక సంగతి అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట మార్కర్ పెట్టండి. ఈ రెండో రకానికి వేరే రంగు ఇస్తాను నేను. మొదటి రంగువి ప్రేక్షకుడి అవసరం, రెండోవి నా అవసరం. క్లిప్పులు తక్కువ ఉంటే ముందు మొదటి రంగుకే పెడతాను.

ఎక్కడ పెట్టకూడదు?

కొత్త మనిషి మొదటిసారి మాట్లాడుతున్నప్పుడు కనీసం ఒక వాక్యం పూర్తయ్యేదాకా ముఖం ఉంచండి. గొంతుకి ముఖం జతపడకపోతే, తర్వాత విజువల్స్ మీద ఆ గొంతు వినిపించినప్పుడు ఎవరిదో తెలియదు. పేరు పట్టీ వేసేది కూడా అక్కడే.

మనసు కదిలిన క్షణాన్ని కప్పకండి. పెద్దాయన మొదటి జీతం గురించి చెబుతూ ఒక్కసారి ఆగిపోయాడనుకోండి. ఆ రెండు సెకన్ల మౌనంలో ఆయన కళ్లు ఏం చేస్తున్నాయన్నదే వీడియోకి ప్రాణం. అక్కడ గడియారం ముల్లు తిరుగుతున్న షాట్ పెట్టాలనిపిస్తుంది, అందంగానూ ఉంటుంది. పెట్టొద్దు. జోక్ కూడా అంతే, చెప్పే మనిషి ముఖం చూడకపోతే సగం పేలదు.

బొమ్మ సరిగ్గా ఆ మాట మీదే రావాలా?

అక్షరానికి అక్షరం కలిస్తే చిన్నపిల్లల బొమ్మల పుస్తకంలా అవుతుంది. 'అ' అంటే అమ్మ, 'ఆ' అంటే ఆవు. అర సెకను ముందు వస్తే "ఇదేంటి?" అని చూస్తుండగా మాట వచ్చి జవాబిస్తుంది. పని విధానం చెప్పే వీడియోల్లో ఇది బాగా కుదురుతుంది. కాస్త ఆలస్యంగా వస్తే మాటకి సాక్ష్యంలా ఉంటుంది. ఆశ్చర్యపరిచే విషయానికి ఆలస్యమే మేలు: ముందు చెప్పనివ్వండి, నమ్మబుద్ధి కాని ఆ క్షణం గడిచాక చూపించండి.

కట్ మాత్రం మాట మధ్యలో పడనివ్వకండి. పదాల మధ్య సందులో, ఊపిరి తీసుకునే చోట, లేదా చెయ్యి కదిలిన చోట పడితే కంటికి తట్టదు.

టైమ్‌లైన్ మీద అసలు పని ఎలా చేయాలి?

పద్ధతి అన్నిచోట్లా ఒకటే, మీటల పేర్లే వేరు. టైమ్‌లైన్ అంటే క్లిప్పులు వరసగా పేర్చే చోటు, ట్రాక్ అంటే అందులో ఒక వరస. మాటల కట్ కింది ట్రాక్ మీద ఉంటుంది. దాని పైన ఖాళీ వీడియో ట్రాక్ ఒకటి తీసుకోండి. పై ట్రాక్‌లో ఏదుంటే తెర మీద అదే కనిపిస్తుంది. కింది ట్రాక్‌లోని గొంతు ఎప్పటిలాగే వినిపిస్తూ ఉంటుంది.

బీ-రోల్ క్లిప్‌ని సోర్స్ విండోలో తెరిచి, కావలసిన చోట ఐ కీ, అయిపోయే చోట ఓ కీ నొక్కండి. టైమ్‌లైన్ మీద ప్లేహెడ్‌ని (ఎక్కడున్నామో చూపించే నిలువు గీత) మార్కర్ దగ్గర పెట్టండి. ప్రీమియర్ ప్రోలో పై ట్రాక్‌ని టార్గెట్ చేసి ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ఓవర్‌రైట్ అవుతుంది, అంటే మిగతావాటిని తోయకుండా ఆ చోట కూర్చుంటుంది. రిజాల్వ్‌లో ఎఫ్12 నొక్కితే పై ట్రాక్‌లో కూర్చుంటుంది. ఫైనల్ కట్‌లో క్యూ. ఫోన్‌లో క్యాప్‌కట్ అయితే 'ఓవర్‌లే', కైన్‌మాస్టర్ అయితే 'లేయర్' అనే చోట నుంచి చేర్చాలి.

క్లిప్‌లో రెండు పాయింట్లు, టైమ్‌లైన్ మీద ఒకటి, మొత్తం మూడు చాలు, నాలుగోది సాఫ్ట్‌వేరే లెక్క కట్టుకుంటుంది. దీన్నే త్రీ పాయింట్ ఎడిటింగ్ అంటారు. నేను ఎక్కువగా తిరగేసి వాడతాను: టైమ్‌లైన్ మీద ఐ, ఓ రెండూ పెట్టి ఎంత ఖాళీ పూడ్చాలో ముందే తేల్చుకుని, క్లిప్‌లో మొదలు మాత్రం గుర్తిస్తాను. మాటని బట్టి నిడివి తేలుతుంది కాబట్టి బీ-రోల్‌కి ఇదే సులువు.

క్లిప్‌కి ముందూ వెనకా ఒక సెకను మిగిలి ఉండేలా చూసుకోండి. రేపు డిజాల్వ్ (ఒక షాట్ కరిగి ఇంకోటి తేలడం) వేయాలన్నా, కట్ కాస్త జరపాలన్నా ఆ మిగులే ఆదుకుంటుంది.

క్లిప్ పెట్టగానే తర్వాతున్నదంతా ముందుకి జరిగిపోయింది!

మీరు ఓవర్‌రైట్‌కి బదులు ఇన్సర్ట్ చేశారు. ఇన్సర్ట్ చోటు చేసుకుంటూ మిగతావాటిని తోస్తుంది. ప్రీమియర్ ప్రోలో ఇన్సర్ట్‌కి కామా, ఓవర్‌రైట్‌కి ఫుల్‌స్టాప్, పక్కపక్క మీటలు కావడం వల్ల వేలు జారడం మామూలే. వెంటనే అన్‌డూ కొట్టండి. వెంటనే అనే మాట ఊరికే అనలేదు. నలభై నిమిషాల ఇంటర్వ్యూ ఒకదాంట్లో నేను ఇలాగే జారి, గమనించక, దాని తర్వాత మూడు గంటలు పనిచేసుకుంటూ పోయాను. ఎక్స్‌పోర్ట్ అయ్యాక చూస్తే ఆ చోటు నుంచి చివరిదాకా సంగీతం ఒకచోట, మాట ఒకచోట. అప్పటి నుంచి బీ-రోల్ పెట్టేటప్పుడు మాటల ట్రాక్, సంగీతం ట్రాక్ రెండింటికీ తాళం వేసేస్తాను. ట్రాక్ పేరు పక్కనే తాళం బొమ్మ ఉంటుంది, ఒక్క క్లిక్.

తాళం వేసి ఉన్నప్పుడు కింద ఏదైనా కత్తిరించాల్సి వస్తే అన్నిటి తాళాలూ తీసి కత్తిరించండి. ఫైనల్ కట్‌లో పైన కలిపిన క్లిప్ కింది క్లిప్‌ని పట్టుకుని దాంతోపాటే కదులుతుంది. మిగతావాటిలో ఆ బంధం ఉండదు.

ఒక్కో షాట్ ఎంతసేపు ఉంచాలి?

మూడు నుంచి ఐదు సెకన్లతో మొదలుపెట్టండి. దగ్గరి షాట్ తొందరగా అర్థమవుతుంది కాబట్టి తక్కువ చాలు. దూరం నుంచి తీసినదాంట్లో కన్ను వెతుక్కోవాలి, ఎక్కువసేపు ఉంచాలి. తెర మీద చదవాల్సిన అక్షరాలుంటే మీరు నెమ్మదిగా రెండుసార్లు చదువుకునేంతసేపు ఉంచండి. మీకు అందులో ఏముందో ముందే తెలుసు, చూసేవాళ్లకి తెలియదు. షాట్‌లో ఒక పని జరుగుతుంటే సెకన్ల లెక్క వదిలేయండి. చక్రం ఎత్తి, చోటు చూసి, అమర్చడం తొమ్మిది సెకన్లు పడితే తొమ్మిదీ ఉంచాల్సిందే. అమర్చకముందే కట్ చేస్తే చూసేవాళ్లకి చెయ్యి దురద పెడుతుంది.

ముఖం మీద నుంచి వెళ్లి ఒక్క షాట్ చూపించి వెనక్కి వచ్చేస్తే?

తరచూ అలా చేస్తే తెర రెప్పలు కొడుతున్నట్టుంటుంది. వెళ్తే రెండు మూడు షాట్లు ఉండి రండి: దూరం నుంచి బల్ల, దగ్గరగా చేతులు, ఇంకా దగ్గరగా చక్రం. ఒకే సైజులో ఉన్న రెండు షాట్లు పక్కపక్కన పెట్టకండి, అదే కోణంలో అయితే అసలే వద్దు. జంప్ కట్ (బొమ్మ గెంతినట్టు కనిపించే కట్) కప్పడానికి వెళ్లి ఇంకో జంప్ కట్ తెచ్చుకున్నట్టవుతుంది.

జంప్ కట్ కప్పడానికి బీ-రోల్ వాడటం తప్పా?

తప్పు కాదు, అందరూ చేసేదే. 'అంటే', 'ఏదో' లాంటివి తీసేశాక ముఖం గెంతినట్టు కనిపిస్తే ఒక షాట్ కప్పేస్తాం. బీ-రోల్ లేకపోయినా మార్గాలున్నాయి. 4కెలో తీసి 1080పీ టైమ్‌లైన్‌లో పెడితే నాణ్యత పోకుండా రెండింతల దాకా దగ్గరికి జరగొచ్చు. అతుకు ఉన్నచోట 120 శాతానికి జరిపితే రెండో కెమెరా ఉన్నట్టు అనిపిస్తుంది. కొన్నిసార్లు గెంతుని అలాగే వదిలేయడమే నిజాయితీగా ఉంటుంది, ఇప్పటి ప్రేక్షకులకి అలవాటే.

జాగ్రత్త పడాల్సింది వేరే చోట. బీ-రోల్ కింద ఏం కత్తిరించారో ఎవరికీ కనబడదు. పెద్దాయన "ఈ పనిలో డబ్బులు రావు, అని మా నాన్న అనేవాడు, నాకైతే వచ్చాయి" అన్నాడనుకోండి. మొదటి నాలుగు మాటలు ఉంచి, మిగతాది తీసేసి, పైన ఖాళీ బల్ల చూపించామంటే ఆయన అనని మాట ఆయన గొంతుతో అనిపించినట్టే. నేను పెట్టుకున్న నియమం: కత్తిరించిన వాక్యాన్ని ఆ మనిషి ముందే కూర్చుని వినిపించగలనా? తల దించుకోవాల్సి వస్తే ఆ కట్ వద్దు.

సంబంధం లేని షాట్ ఒకటి ఖాళీ పూడ్చడానికి పెడితే ఏమవుతుంది?

సంబంధం లేకుండా ఏ షాటూ ఉండదు, పక్కన పెట్టగానే సంబంధం పుడుతుంది. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ వందేళ్ల కిందట ఇదే చేసి చూపించాడు. ఒక నటుడి ముఖం షాట్ ఒకటే తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి స్త్రీ ఉన్న షాట్ పెడితే, అదే ముఖంలో జనానికి ఆకలి, దుఃఖం, కోరిక కనిపించాయని చెబుతారు. మీరు ఏ ఉద్దేశమూ లేకుండా పెట్టిన షాట్‌కి ప్రేక్షకుడు ఒక ఉద్దేశం కట్టేస్తాడు. మోసాల గురించి మాట నడుస్తున్నప్పుడు ఖాళీ పూడ్చడానికి దారినపోయే మనుషుల్ని చూపించారా, ఆ ముఖాలే మోసగాళ్లవి అయిపోతాయి. అలాంటి చోట ముఖాలు గుర్తుపట్టే షాట్ అసలు వాడొద్దు.

పాత సంఘటన ఫుటేజ్ ఈరోజు విషయం మీద వేస్తే 'ఫైల్ విజువల్స్' అని మూలన రాయండి. టీవీ వాళ్లని మనం ఎన్ని అన్నా, ఆ అలవాటు మంచిది.

బీ-రోల్‌కి ఉన్న శబ్దం తీసేయాలా?

చాలామంది మొదట చేసే పని అదే, నేను వద్దనేదీ అదే. పట్టకారు బల్ల మీద పెట్టిన చప్పుడు, మూత బిగుసుకున్న టక్కుమనే శబ్దం వినబడితే ఆ షాట్‌కి బరువు వస్తుంది. మూగగా ఉంటే పోస్టర్‌లా ఉంటుంది. గొంతు పీక్స్ మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉన్నాయనుకుంటే, విజువల్స్ శబ్దాన్ని దానికంటే 15, 20 డెసిబెల్స్ కిందకి దించి మొదలుపెట్టండి. తర్వాత చెవినే నమ్మండి. మొదట్లో, చివర్లో రెండు మూడు ఫ్రేముల ఫేడ్ వేస్తే 'టిక్' అనే చప్పుడు రాదు.

మాట ఆగిన చోట ఆ శబ్దాన్ని పైకి లేపండి. "అదిగో, అది వినండి" అని పెద్దాయన అన్నాక రెండు సెకన్లు ఏ మాటా లేకుండా గడియారం టిక్‌టిక్ వినిపిస్తే, ఆ తర్వాతి ఐదు నిమిషాలు జనం మీ చేతిలో ఉంటారు.

శబ్దం బొమ్మకన్నా ముందు రావచ్చు కూడా. ముఖం కనబడుతుండగానే తర్వాతి షాట్ శబ్దం మొదలైతే అది జే కట్. బొమ్మ మారాక కూడా పాత శబ్దం కొనసాగితే ఎల్ కట్. టైమ్‌లైన్ మీద క్లిప్పుల ఆకారం ఆ అక్షరాల్లా ఉంటుందని ఆ పేర్లు. మాటలు నడుస్తుండగా బీ-రోల్‌కి వెళ్లడమే ఒక రకం ఎల్ కట్, మీకు తెలియకుండానే చేస్తున్నారు.

పనికిరాని శబ్దం అంటే కెమెరా వెనక మనుషుల మాటలు, మైకులో గాలి. వాటిని తీసేయండి. అప్పుడు కూడా అదే చోట రికార్డు చేసిన ఖాళీ గది శబ్దం ఒక ముప్పై సెకన్లు ఉంటే దాన్ని కింద పరచండి.

ఫ్రేమ్ రేట్లు వేరువేరుగా ఉంటే?

ఫ్రేమ్ రేటు అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములు అన్న లెక్క. టైమ్‌లైన్‌ని మాటల ఫుటేజ్ రేటుకే పెట్టండి. 25లో తీసిన ఇంటర్వ్యూలో 30లో తీసిన క్లిప్ వేస్తే సెకనుకి ఐదు ఫ్రేములు ఎగిరిపోతాయి. కెమెరా కదలని షాట్‌లో తెలియదు, పక్కకి తిరిగే షాట్‌లో మాత్రం కుదుపు కనిపిస్తుంది. స్లో మోషన్ కావాలంటే లెక్క తేలికే: 60లో తీసింది 24 టైమ్‌లైన్‌లో 40 శాతం వేగానికి, 50లో తీసింది 25లో 50 శాతానికి తగ్గిస్తే ప్రతి ఫ్రేమూ ఒకసారి వాడినట్టవుతుంది. 25లో తీసినదాన్ని స్లో చేస్తే ఉన్న ఫ్రేములే మళ్లీ మళ్లీ వచ్చి నత్తి పడుతుంది.

స్లో మోషన్ అతిగా వాడకండి. కాఫీ పోయడం కూడా యుద్ధఘట్టంలా తీస్తున్నారు.

ఫోన్‌లో తీసిన క్లిప్‌లో శబ్దం, బొమ్మ జారిపోతున్నాయి.

ఫోన్లు, స్క్రీన్ రికార్డర్లు చాలావరకు ఫ్రేమ్ రేటుని స్థిరంగా ఉంచవు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంలో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' ఎంచుకుని మార్చుకున్నాక టైమ్‌లైన్‌లోకి తెచ్చుకోండి.

నిలువు క్లిప్ అడ్డం వీడియోలో ఎలా పెట్టాలి?

1080×1920 క్లిప్‌ని 1920×1080లో నిండేలా పెద్దది చేస్తే ఎత్తులో మూడోవంతు కూడా మిగలదు. పక్కల అదే వీడియోని మసకగా పరిచే పద్ధతి అందరూ వాడుతున్నారు. నాకు నచ్చదు, కన్ను ఆ మసక కదలిక వైపే పోతుంది. ముదురు రంగు ఒకటి పరిచి, క్లిప్‌ని ఒక పక్కకి జరిపి, రెండో పక్క ఒక మాటో అంకెనో రాస్తే శుభ్రంగా ఉంటుంది.

బీ-రోల్ రంగు ఇంటర్వ్యూ రంగుతో కలవడం లేదు.

ఫిల్టర్ వెతకబోయే ముందు రెండు సంగతులు చూడండి. క్లిప్ లాగ్‌లో (రంగులు తర్వాత దిద్దుకోవడానికి కెమెరా వెలిసినట్టు తీసే పద్ధతి) తీసిందా? వెలిసిపోయినట్టు బూడిద రంగులో ఉంటే అంతే. ఆ కెమెరాకి తగిన లట్ (రంగులు మార్చే పట్టిక ఫైలు) వేసి మామూలు తెరల రంగు ప్రమాణం రెక్ 709కి తేవాలి. వేరే కెమెరా లట్ వేస్తే చర్మం రంగు చెడిపోతుంది. తర్వాత వరస: ముందు వెలుతురు, తర్వాత వైట్ బ్యాలెన్స్, చివర్న రంగుల గాఢత. తెల్ల కాగితమో చొక్కానో రెండు షాట్లలోనూ ఉంటే దాన్ని కలిపితే మిగతాది దాదాపు కలిసిపోతుంది. మానిటర్‌ని నమ్మకుండా, వెలుతురు ఎంతుందో గ్రాఫులా చూపించే వేవ్‌ఫామ్ స్కోప్ తెరిచి పెట్టుకోండి.

పూర్తిగా కలపక్కర్లేదు. ఎండలో తీసింది ఎండలానే ఉండాలి.

నేనే తీసుకోవాలంటే ఏం తీయాలి?

వీలైతే ఇంటర్వ్యూ తర్వాత తీయండి. ఆయన ఏం చెప్పాడో తెలిసాక దేన్ని వెతకాలో తెలుస్తుంది. ఇంటర్వ్యూ జరుగుతుండగా ఒక కాగితం మీద వస్తువుల పేర్లు రాసుకుంటూ పోతే అదే షాట్ల జాబితా అవుతుంది.

ప్రతి షాట్ పది సెకన్లు కదలకుండా తీయండి. మనసులో లెక్కపెట్టుకోండి, ఎందుకంటే చేతిలో కెమెరా ఉన్నప్పుడు నాలుగు సెకన్లే పదిలా అనిపిస్తాయి. ఒకే పనిని మూడు దూరాల నుంచి తీయండి. పని చేస్తున్న చేతులు తీశాక, ఆ పని చూస్తున్న ముఖం తీయడం మర్చిపోకండి. ఎడిటింగ్‌లో చేతుల నుంచి చేతులకి వెళ్లడం కష్టం, మధ్యలో ముఖం ఉంటే ఎక్కడికైనా వెళ్లొచ్చు. మనిషి ఫ్రేములోకి రావడం, బయటికి వెళ్లిపోవడం కూడా తీస్తే సమయం గడిచినట్టు చూపించడానికి పనికొస్తాయి.

25 ఫ్రేములకి షటర్ సెకనులో 50వ వంతు ఉంచండి. 50 హెర్ట్‌జ్ కరెంటు ఉన్నచోట దీపాలు సెకనుకి వందసార్లు మిణుకుతాయి, అక్కడ 50వ వంతు లేదా 100వ వంతు అయితే తెర మీద చారలు రావు. 60 హెర్ట్‌జ్ ఉన్నచోట 60 లేదా 120. గోడ గడియారం ఫ్రేములో ఉంటే ఒకసారి ఆలోచించండి, షాట్లు కలిపాక టైము గెంతినట్టు కనబడుతుంది. వాచీల షాపులో అయితే ఆలోచించి లాభం లేదు, ఎలాగూ ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తుంటాయి.

ఏమీ తీయలేదు. మనిషి కూడా దొరకడు. ఇప్పుడెలా?

పాత ఫొటోలు అడగండి. ఒక ఫొటో మీద ఐదారు సెకన్లలో 100 నుంచి 108 శాతం దాకా నెమ్మదిగా దగ్గరికి జరిగితే ప్రాణం వస్తుంది. దీన్ని కెన్ బర్న్స్ ఎఫెక్ట్ అంటారు, డాక్యుమెంటరీలు తీసే అమెరికన్ దర్శకుడి పేరు అది. జరిగేటప్పుడు ఎటు పోతున్నామో కారణం ఉండాలి: గుంపు ఫొటోలో మన మనిషి ముఖం వైపు. ఉత్తరాలు, రసీదులు, పటాలు, స్క్రీన్ రికార్డింగ్ కూడా బీ-రోలే. అవీ లేకపోతే ముఖాన్నే ఉంచండి. బాగా మాట్లాడే మనిషిని నాలుగు నిమిషాలు చూడటం ఎవరికీ కష్టం కాదు.

స్టాక్ ఫుటేజ్ ఉచితం అంటే నిజంగా ఉచితమేనా?

పెక్సెల్స్, పిక్సాబే లాంటి చోట్ల క్లిప్పులు పేరు వేయకుండా కూడా వాడుకోవచ్చు. ఉన్నదాన్ని ఉన్నట్టు అమ్ముకోకూడదు, అందులో కనిపించే మనుషుల్ని చెడ్డగా చూపించకూడదు. క్రియేటివ్ కామన్స్‌లో అయితే అక్షరాలు చదవాలి. 'బై' ఉంటే తీసినవాళ్ల పేరు వేయాలి. 'ఎన్‌సీ' ఉంటే వ్యాపారానికి కుదరదు. 'ఎస్ఏ' ఉంటే మార్చి చేసినదాన్ని కూడా అదే లైసెన్సుతో పంచాలి. 'ఎన్‌డీ' ఉంటే మార్చి పంచకూడదు కాబట్టి ఎడిటింగ్‌కి పక్కన పెట్టేయడమే. అంతరిక్షం కావాలంటే నాసా ఫుటేజ్‌కి సాధారణంగా కాపీరైట్ ఉండదు. వాళ్ల లోగో వాడటం, వాళ్లు మిమ్మల్ని మెచ్చుకున్నట్టు చూపించడం మాత్రం కుదరదు.

డౌన్‌లోడ్ చేసిన రోజే లైసెన్సు పేజీ స్క్రీన్‌షాట్ తీసి క్లిప్ పక్కనే దాచండి. రెండేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే ఆ పేజీ అలాగే ఉంటుందని నమ్మకం లేదు.

ఐదు సెకన్లలోపు వాడితే కాపీరైట్ పడదట కదా?

అలాంటి సెకన్ల నియమం ఏదీ లేదు.

ఏఐతో చేసిన క్లిప్ పెట్టొచ్చా?

ఊహని చూపించడానికి పెట్టొచ్చు, సాక్ష్యంగా పెట్టకూడదు. వాచీ లోపల స్ప్రింగ్ ఎలా విప్పుకుంటుందో చూపించే బొమ్మ అయితే సరే. పెద్దాయన చిన్నప్పటి షాపు అని చెప్పి ఏఐ తయారుచేసిన షాపు చూపిస్తే అది అబద్ధం, ఆయనే ఒప్పుకోడు. నిజమని పొరబడేలా ఉన్న ఇలాంటి దృశ్యాలు వాడితే ఆ సంగతి తెలపాలని 2024 మార్చి నుంచి యూట్యూబ్ కూడా అడుగుతోంది.

కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది.

ప్రాక్సీలు చేసుకోండి. చిన్న సైజు నకళ్లతో ఎడిట్ చేసి, ఎక్స్‌పోర్ట్‌కి అసలు ఫైళ్లు వాడుకోవడం. మూడు సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది.

సరిపడా పెట్టానో లేదో ఎలా తెలుస్తుంది?

సౌండ్ ఆపేసి ఒకసారి చూడండి. ఏదో ఒక మనిషి, ఏదో ఒక పని, ఏదో ఒక మార్పు ఉన్నాయని తెలియాలి. మాటలు లేకపోతే సంబంధం లేని బొమ్మల కుప్పలా కనబడితే విజువల్స్ ఇంకా ఊరికే కప్పుతున్నాయని అర్థం. తర్వాత పై ట్రాక్ కన్ను బొమ్మ నొక్కి బీ-రోల్ మొత్తం ఆపేసి చూడండి. ఏ చోట పోయిందని బెంగ కలగలేదో, అక్కడి క్లిప్ తీసేయొచ్చు. నేను దాదాపు ప్రతిసారీ ఐదారు తీసేస్తాను.

ఎక్స్‌పోర్ట్ అయ్యాక చూస్తే రెండు షాట్ల మధ్య ముఖం ఒక్క క్షణం మెరిసి మాయమైంది.

రెండు బీ-రోల్ క్లిప్పుల మధ్య ఒకటో రెండో ఫ్రేముల సందు ఉండిపోయింది, అందులోంచి కింది ట్రాక్ కనిపించింది. టైమ్‌లైన్ దూరంగా ఉన్నప్పుడు ఆ సందు కనబడదు. ఎక్స్‌పోర్ట్ చేసే ముందు పై ట్రాక్ మీద బాణం మీటలతో ఒక్కో కట్ దగ్గరికీ వెళ్లి, దగ్గరగా జూమ్ చేసి చూసుకోండి. సందు దొరికితే అది పూడేదాకా ఎడమ క్లిప్ చివరని లాగండి. క్లిప్‌కి ముందూ వెనకా మిగులు ఉంచుకోమన్నది ఇలాంటప్పుడు కూడా అక్కరకొస్తుంది.